పగలు వెలిగే వీధిలైట్లు: పంచాయతీకి వ్యాపార బుద్ధి ఉండొచ్చా?



ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. ఇప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లు ఒక్కసారి కిటికీలోంచి బయటికి చూడండి. రాత్రి పడుకుని ఫోన్‌లో చూస్తున్నవాళ్లు రేపు పొద్దున పదింటికి చూడండి. మీ వీధిలో స్తంభం మీద లైటు వెలుగుతోందా? ఎండలో కనపడదు, కాస్త కళ్లు చికిలించి చూడాలి. వెలుగుతుంటే గుర్తుపెట్టుకోండి, ఈ మాటంతా ఆ లైటు గురించే.

నేను డిగ్రీ అయిపోయాక ఒక ఏడాదిన్నర ఊళ్లోనే ఉన్నాను. గ్రూప్స్‌కి చదువుతున్నానని ఇంట్లో చెప్పేవాణ్ని, నిజానికి ఎక్కువ టైము పంచాయతీ ఆఫీసు అరుగు మీదే గడిచేది. అది తెలంగాణలో ఒక మామూలు ఊరు. పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది. 2019లో మా ఊరికి కొత్తగా జూనియర్ పంచాయతీ కార్యదర్శి వచ్చారు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. అప్పట్లో ఆ ఉద్యోగానికి నెలకు 15 వేలు, మూడేళ్ల ప్రొబేషన్. అంటే మూడేళ్లపాటు ఎవరితో మాట పడినా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదన్నమాట. నాకు కంప్యూటర్ వచ్చు కాబట్టి ఎంట్రీలు చేయడంలో సాయం చేసేవాణ్ని. నేను అక్కా అనేవాణ్ని, ఆవిడ తమ్ముడూ అనేది.

ఒకరోజు కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని అడిగింది. "తమ్ముడూ, మన ఊళ్లో లైట్లు ఎన్ని ఉంటయ్?" ఇద్దరం తిరిగి లెక్కపెట్టాం. 140. అన్నీ పగలు కూడా వెలుగుతున్నాయి. ఎన్నేళ్ల నుంచి అని అడిగితే ఎవరూ చెప్పలేదు. మా నాన్న అయితే "లైటన్నాక వెలుగుతది కదా" అన్నాడు.

అరుగు మీద కూర్చుని లెక్క వేశాం. ఒక్కో లైటు సగటున 40 వాట్లు అనుకుంటే 140 లైట్లకు 5.6 కిలోవాట్లు. పగలు 12 గంటలు వెలిగితే రోజుకు 67 యూనిట్లు, నెలకు రెండు వేలు. యూనిట్ ఆరున్నర రూపాయలు వేసుకున్నా నెలకు 13 వేలు. ఆవిడ జీతం 15 వేలు అని చెప్పాను కదా. దాదాపు ఒక కార్యదర్శి జీతం ప్రతి నెలా సూర్యుడికి వెలుగు చూపించడానికి ఖర్చవుతోంది.

మరి ఆర్పేయొచ్చు కదా అంటారా? ఆర్పడానికి స్విచ్ ఉండాలి. చాలా ఊళ్లలో ఇళ్లకు వెళ్లే తీగ నుంచే వీధిలైటుకీ కనెక్షన్ ఇచ్చేశారు. లైటు ఆపాలంటే ఇళ్లకూ కరెంటు ఆపాలి. దీనికి మందు ఏంటంటే వీధిలైట్ల కోసం విడిగా ఒక తీగ లాగి, దానికి మీటరు, స్విచ్ పెట్టడం. ఊళ్లలో మూడో తీగ అనీ, థర్డ్ వైర్ అనీ అంటారు. పల్లె ప్రగతి కార్యక్రమంలో తెలంగాణలో ఈ పని చాలాచోట్ల జరిగింది. మా ఊరికి అప్పటికి ఇంకా రాలేదు. అయితే ఊరి చివర కొత్తగా వచ్చిన కాలనీలో 30 లైట్లకు మాత్రం విడి తీగ ఉంది. స్విచ్ లేదు, అంతే.

అక్క టౌనుకి వెళ్లి ఎలక్ట్రికల్ షాపులో టైమర్ బాక్సు తెచ్చింది. 4,200 రూపాయలు. తన జేబులోంచే. ఊళ్లో మోటార్లు బాగుచేసే అబ్బాయితో పెట్టించింది. సాయంత్రం ఆరున్నరకు వెలిగి పొద్దున ఆరింటికి ఆరిపోతాయి. 30 లైట్లకు నెలకు 2,800 రూపాయల దాకా మిగులు. నెలన్నరలో పెట్టిన డబ్బు వచ్చేసింది. నా జీవితంలో చూసిన మొదటి స్టార్టప్ అదే అనుకుంటాను.

తర్వాత ఏం జరిగిందో చెప్తాను. ఆ 4,200 ఆవిడకు తిరిగి రావాలంటే చెక్కు రాయాలి. తెలంగాణ కొత్త చట్టంలో చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. మా ఊళ్లో వాళ్లిద్దరూ రెండు వేరు వేరు వర్గాలు. ఒకరు పెడితే ఇంకొకరు పెట్టరు. రెండు నెలలు పట్టింది. డబ్బులు వచ్చాయని ఊపిరి పీల్చుకునేలోపే తనిఖీకి వచ్చినవాళ్లు రాసేశారు. మూడు కొటేషన్లు లేవు. అంచనా తయారుచేయలేదు. పెట్టిన మనిషికి లైసెన్సు లేదు. కొన్న తేదీ ముందు, పంచాయతీ తీర్మానం తేదీ తర్వాత. సంజాయిషీ ఇవ్వమని మెమో. మూడేళ్ల ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల, భయపడింది. ఆ 4,200 తిరిగి పంచాయతీ ఖాతాలో కట్టేసి దండం పెట్టింది.

ఒక్కసారి ఆలోచించండి. ఎన్నో ఏళ్లు పగలు వెలిగిన లైటుకు ఒక్క మెమో లేదు. ఆర్పిన లైటుకు వచ్చింది.

ఈ ఎపిసోడ్‌కి టాపిక్ ఏంటంటే, స్థానిక సంస్థల్లో, అంటే మన పంచాయతీలు, మున్సిపాలిటీల్లో, ఎంటర్‌ప్రెన్యూర్ లాగా ఆలోచించే మనుషులు ఎలా తయారవుతారు అని. ఈ మాటకు తెలుగులో సరైన పదం లేదు. పారిశ్రామికవేత్త అంటే ఫ్యాక్టరీ ఓనరు గుర్తొస్తాడు. నాకైతే దగ్గరి మాట "చొరవ". బయట ఎవరైనా చొరవ చూపిస్తే మెచ్చుకుంటాం. ఆఫీసులో చూపిస్తే దాని పేరు "అతి" అయిపోతుంది. పేపర్లో వస్తే "అధికారి అత్యుత్సాహం". ఒకే గుణానికి గేటు లోపల ఒక పేరు, గేటు బయట ఇంకో పేరు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆడిట్ వాళ్లు దుర్మార్గులు అని నేను అనట్లేదు. మూడు కొటేషన్ల రూలు ఎందుకొచ్చింది? సర్పంచ్ బామ్మర్ది షాపులో వెయ్యి రూపాయల బల్బు మూడు వేలకు కొన్న ఊళ్లు ఉన్నాయి కాబట్టి వచ్చింది. రూలు దొంగ కోసం రాశారు, పట్టుబడింది పనిచేసిన మనిషి. ఇది ఎలా విప్పాలి అన్నదే అసలు ప్రశ్న. రూళ్లన్నీ తీసేద్దాం అనేవాళ్ల మాట నమ్మకండి. అలా తీసేసిన చోట ఏమైందో తర్వాత చెప్తాను.

ముందు పని జరిగిన ఊరికి వెళ్దాం. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా, మేట్టుపాళయం దగ్గర, నీలగిరి కొండల కింద ఓడంతురై అని ఒక పంచాయతీ. ఊటీ వెళ్లే చిన్న రైలు మేట్టుపాళయంలోనే బయల్దేరుతుంది, మీలో కొందరు ఎక్కే ఉంటారు. 1996 నుంచి 2006 దాకా అక్కడ ఆర్. షణ్ముగం అనే ఆయన పంచాయతీ అధ్యక్షుడు. మన భాషలో సర్పంచ్.

ఆయన ఊరికి తాగునీళ్ల పథకం తెచ్చారు. వీధిలైట్లు పెంచారు. మంచి పనులే. మంచి పనులు చేస్తే ఏమవుతుంది? కరెంటు బిల్లు పెరుగుతుంది. నీళ్లు పైకి ఎక్కాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరిగితే మీటరూ తిరుగుతుంది. ఇది మన దగ్గర ఏ సర్పంచ్‌ని అడిగినా చెప్తాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల కరెంటు బకాయిలు పాత పుండు లాంటివి. బిల్లు వస్తుంది, కట్టరు, బకాయి పెరుగుతుంది, ఎప్పుడో ఒకరోజు కనెక్షన్ కట్ చేస్తారు, ఊరు చీకట్లో ఉంటుంది, ఎమ్మెల్యే ఫోన్ చేస్తాడు, మళ్లీ కలుపుతారు. దీన్ని మనం సమస్య అనుకోవడం కూడా మానేశాం. వాన లాగా, ఎండ లాగా అదొక ఋతువు.

ఓడంతురైలో బిల్లును ఋతువు అనుకోలేదు, ప్రశ్న అనుకున్నారు. దీన్ని ఎలా తగ్గించొచ్చు? 2003 ప్రాంతంలో చిన్న గ్యాసిఫయర్ పెట్టారు, 9 కిలోవాట్లది. కట్టె వ్యర్థాలను మండించి గ్యాసు తీసి, ఆ గ్యాసుతో ఇంజను నడిపి, నీళ్ల మోటారు తిప్పడం. కొన్ని వీధుల్లో సోలార్ లైట్లు పెట్టారు. అది చేసి చూశాక పెద్ద అడుగు. 2006లో పంచాయతీ తరఫున ఒక గాలిమర కొన్నారు. 350 కిలోవాట్లది. ఖరీదు సుమారు కోటీ 55 లక్షలు. అందులో 40 లక్షలు పంచాయతీ సొంత డబ్బు, మిగతా కోటీ 15 లక్షలు బ్యాంకు అప్పు.

ఒక గ్రామ పంచాయతీకి బ్యాంకు కోటి రూపాయలకు పైన అప్పు ఇచ్చింది. మా ఊరి పంచాయతీకి కిరాణా కొట్టువాడు చీపుర్లు కూడా అప్పివ్వడు.

ఇంకో విశేషం, ఆ గాలిమర ఓడంతురైలో లేదు. చాలా దూరంలో, ఉడుమలపేట వైపు మైవాడి అనే చోట ఉంది. ఎందుకంటే గాలి అక్కడ ఉంది. పడమటి కనుమల్లో పాలక్కాడ్ దగ్గర ఒక పెద్ద సందు ఉంది, అందులోంచి గాలి తోసుకుని వచ్చేది ఆ ప్రాంతం మీదికే. అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లోకి వెళ్తుంది, ఊరు వాడుకున్న కరెంటుకు ఎదురుగా లెక్క చూసుకుంటారు. గాలిమర ఏడాదికి ఇచ్చేది సుమారు 6.75 లక్షల యూనిట్లు. ఊరి అవసరం సుమారు 4.5 లక్షల యూనిట్లు. మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్మకం. బ్యాంకు అప్పు ఆ ఆదాయంలోంచే తీరింది.

ఈ లెక్క నమ్మొచ్చా అని నేను ఫోన్‌లోనే కాలిక్యులేటర్ తీసి చూశాను. 350 కిలోవాట్ల మర ఏడాదిలో 8,760 గంటలూ ఆగకుండా ఫుల్ స్పీడులో తిరిగితే 30 లక్షల యూనిట్లు దాటాలి. 6.75 లక్షలు అంటే అందులో 22 శాతం. గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి సరిపోయే లెక్కే. ఎవరైనా మీకు సక్సెస్ స్టోరీ చెప్తే ముందు ఇలా ఒక గుణకారం చేసి చూడండి, సగం కథలు అక్కడే పడిపోతాయి.

ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏముంది? ఏమీ లేదు. కోయంబత్తూరు, తిరుప్పూరు చుట్టుపక్కల బట్టల మిల్లులు తమ కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి ఎప్పటినుంచో గాలిమరలు కొంటున్నాయి. మిల్లు ఓనరు చేసిన లెక్కనే పంచాయతీ కూడా చేసింది. అంతే తేడా. ఆ "అంతే"లోనే ఉంది మొత్తం.

చట్టం అడ్డుపడదా? రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించగల 29 అంశాలు ఉన్నాయి. తాగునీరు ఉంది, గ్రామీణ విద్యుదీకరణ ఉంది, సంప్రదాయేతర ఇంధనం కూడా ఉంది. ఏది ఎంత అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రాల చేతుల్లో ఉంది. అంటే దారి మూసేయలేదు, గొళ్లెం వేసి ఉంది.

ఇప్పుడు మీలో ఎవరో ఒకరు "సూపర్, అన్నా, మన అనంతపురం వైపు గాలి బాగుంటుంది, మన పంచాయతీలు కూడా గాలిమరలు కొనాలి" అని రాస్తారు. ఆగండి. గాలిమర కాపీ కొట్టకండి. ఆ ఊరికి ఆ సంవత్సరంలో ఆ రేట్లకు అది సరిపోయింది. మీ ఊరికి సరిపోయేది 4,200 రూపాయల టైమరే కావచ్చు. సంత వేలం కావచ్చు. ఖాళీగా పడి ఉన్న పంచాయతీ దుకాణాల అద్దె కావచ్చు. చెరువులో చేపల పాట ఎంతకు పోతోంది, ఎవరు పాడుతున్నారు, పక్క ఊళ్లో అదే సైజు చెరువు ఎంతకు పోతోంది అని ఒక్కసారి అడిగి చూడండి. కొన్ని ఊళ్లలో ఆ ప్రశ్న అడగడానికే ధైర్యం కావాలి.

నాకు ఓడంతురైలో అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది ఆ 40 లక్షలు. గాలిమర ఫొటోలో పడుతుంది, 40 లక్షలు పడవు. సొంత డబ్బు లేకపోతే బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వదు. మన పంచాయతీల సంగతి చూస్తే, వచ్చే డబ్బులో పెద్ద భాగం పైనుంచి వచ్చే గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే ఖర్చుపెట్టాల్సి ఉండేది. అదేం తప్పు కాదు, నీళ్లు, శుభ్రత కావాల్సినవే. కానీ చేతిలోకి వచ్చే ప్రతి రూపాయి మీద దేనికి వాడాలో ముందే రాసి ఉంటే, ఆలోచించే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? నెలనెలా ఇంటినుంచి డబ్బు తెప్పించుకునే హాస్టల్ కుర్రాడికీ, పార్ట్ టైం చేసి సంపాదించుకునే కుర్రాడికీ ఖర్చుపెట్టేటప్పుడు తేడా ఉంటుంది. నేను రెండూ అయ్యాను కాబట్టి చెప్తున్నా. ఇంటి పన్ను వసూలు చేసే ఊరే సొంతంగా ఆలోచించే ఊరు అవుతుంది. ఈ మాట మీకు నచ్చదని తెలుసు, ఎందుకంటే మీ ఇంటి పన్ను కూడా బాకీ ఉండి ఉంటుంది. మాదీ ఉండేది. అక్క రిజిస్టరు తెరిచి చూపిస్తే నేనే సిగ్గుపడి మా నాన్నతో కట్టించాను.

సరే, రూల్స్ తీసేస్తే ఏమవుతుందో చెప్తానన్నాను కదా. అమెరికాలో 1992లో రీఇన్వెంటింగ్ గవర్నమెంట్ అని ఒక పుస్తకం వచ్చింది, ఆస్బోర్న్, గేబ్లర్ అని ఇద్దరు రాశారు. ప్రభుత్వాలు కూడా ఎంటర్‌ప్రెన్యూర్లలా పనిచేయాలి అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది దానితోనే. రెండేళ్లు తిరిగేసరికి, 1994 డిసెంబరులో, కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ దివాలా తీసింది. పేద ప్రాంతం కాదు, బాగా డబ్బున్న కౌంటీ. కోశాధికారి రాబర్ట్ సిట్రన్ స్కూళ్లు, నగరాలు దాచుకున్న డబ్బు మీద మళ్లీ అప్పులు తెచ్చి, వడ్డీ రేట్లు పెరగవు అనే నమ్మకంతో పెట్టుబడులు పెట్టాడు. కొన్నేళ్లు బ్రహ్మాండంగా లాభాలు వచ్చాయి. అందరూ మేధావి అన్నారు, ఓట్లు వేసి మళ్లీ మళ్లీ గెలిపించారు. 1994లో వడ్డీ రేట్లు పెరిగాయి. నష్టం 160 కోట్ల డాలర్లు దాటింది. తర్వాత ఆయన కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

అక్క 4,200 పెట్టినప్పుడు పోతే పోయేది 4,200. ఓడంతురై కోటిన్నర పెట్టే ముందు గ్యాసిఫయర్‌తో, సోలార్ లైట్లతో చేయి తిప్పుకుంది. సిట్రన్ ఊరందరి డబ్బూ ఒకే పందెం మీద పెట్టాడు, అదీ అప్పు తెచ్చి. మొదటి రెంటినీ నేను చొరవ అంటాను. మూడోది పేకాట. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి చిన్న మొత్తానికి స్వేచ్ఛ, పెద్ద మొత్తానికి కాపలా ఉండాలి. మన దగ్గర సరిగ్గా తిరగేసి ఉంటుంది. నాలుగు వేలకు మెమో వస్తుంది, నాలుగు కోట్లకు ప్రారంభోత్సవం జరుగుతుంది.

ఈ కింది స్థాయి స్వేచ్ఛ గురించి ఒక నగరం గుర్తొస్తుంది. సూరత్. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు భయం వచ్చి లక్షల మంది రైళ్లెక్కి పారిపోయారు. మీరు అప్పటికి పుట్టి ఉండరు, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చెత్త, మురికి నీళ్లు, ఎలుకలు. 1995లో ఎస్.ఆర్. రావు అనే ఐఏఎస్ అధికారి మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. చేసిన పనులు చాలా ఉన్నాయి, నేను ఒక్కటే తీసుకుంటా. జోన్లకు ఉన్న అధికారులకు తన అధికారాలు పంచి ఇచ్చారు. ఖర్చుకు ప్రతిసారీ హెడ్డాఫీసుకు ఫైలు పంపి ఎదురుచూసే పని లేకుండా. దానికి బదులుగా పొద్దున్నే అందరూ ఫీల్డులో ఉండాలి. ఏసీ నుంచి డీసీకి అనేవారట, అంటే ఏసీ గదిలోంచి డైలీ చోర్స్‌లోకి. నిర్ణయం తీసుకునే మనిషి, మురిక్కాలువ ముందు నిలబడ్డ మనిషి ఒక్కరే అయ్యారు. రెండేళ్లు తిరక్కుండా అదే సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరం అన్నారు. ఆ ఉద్యోగులు పాతవాళ్లే. వాళ్లను మార్చలేదు, వాళ్ల చేతుల్లో ఏముంటుందో మార్చారు.

కాపలా గురించి ఇంకొకటి, త్వరగా చెప్పేస్తా. ఇండోర్‌కు తాగునీళ్లు నర్మద నుంచి, దాదాపు 70 కిలోమీటర్ల దూరం నుంచి, పైకి ఎత్తిపోసి తేవాలి. కరెంటు బిల్లు ఎంతుంటుందో ఊహించుకోండి. ఓడంతురై ప్రశ్నే, సైజు పెద్దది. 2023 ఫిబ్రవరిలో ఆ కార్పొరేషన్ జలూద్ దగ్గర 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు కోసం 244 కోట్ల రూపాయల బాండ్లు తెచ్చింది. 8.25 శాతం వడ్డీ. మామూలు జనం కూడా కొనుక్కునేలా. మన హైదరాబాద్ జీహెచ్ఎంసీ 2018లో రోడ్ల కోసం 200 కోట్ల బాండ్లు తెచ్చింది, 8.9 శాతానికి. వడ్డీ రేటు కంటే నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, బాండు తేవాలంటే లెక్కలు బయటపెట్టాలి, రేటింగ్ సంస్థ వచ్చి పుస్తకాలు తిరగేయాలి. అప్పిచ్చేవాడు అడిగే ప్రశ్నలు ఓటేసేవాడు కూడా అడిగితే బాగుండు అనిపిస్తుంది. తీసుకున్న అప్పుతో వేసిన రోడ్డు తిరిగి రూపాయి తేదు, సోలార్ ప్లాంటు బిల్లు తగ్గిస్తుంది, ఈ తేడా కూడా మర్చిపోకండి.

భయపెట్టి పని చేయించొచ్చు కదా అని కొందరు అడుగుతారు. చేయించొచ్చు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి మీద చర్యలు అని ఉంది. మా ఊళ్లో మొక్కలు నిజంగానే బతికాయి, ఈరోజు ఆ నీడలో బస్సు కోసం నిలబడుతున్నాం, అబద్ధం ఎందుకు చెప్పాలి. ట్యాంకరు పట్టుకుని ఎండలో అక్క ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. కానీ భయం చెప్పిన పనే చేయిస్తుంది. మొక్క నాటమంటే నాటుతారు, బతికించమంటే బతికిస్తారు. లైటు ఎందుకు వెలుగుతోంది అన్న ప్రశ్న ఏ సర్క్యులర్లోనూ ఉండదు. అది ఎవరో ఒకరికి తట్టాలి, తట్టినప్పుడు నోరు తెరవడానికి ధైర్యం ఉండాలి.

నాకు అధికారం ఉంటే ఏం చేస్తానని ఒక ఫ్రెండ్ అడిగాడు. ప్రతి పంచాయతీకి ఏడాదికి ఒక పాతిక వేలు ప్రయోగాల పద్దు అని పెడతాను. కార్యదర్శి ముందు ఖర్చుపెట్టొచ్చు, తర్వాత గ్రామసభలో నిలబడి ఏం చేశాం, ఎంత మిగిలింది, లేదా ఎంత పోయింది అని చెప్పాలి. పోయినా మెమో ఉండదు. దాచిపెడితే మాత్రం ఉంటుంది. పాతిక వేలతో దొంగతనం జరగదా అంటే, కొన్ని ఊళ్లలో జరుగుతుంది. పగటి లైట్లకు మా ఒక్క ఊళ్లో ఏడాదికి లక్షన్నర పోతోంది, అది ఏ పేరుతో పిలవాలో మీరే చెప్పండి.

ఇక మీరు చేయగలిగింది. ఫోన్ చేతిలోనే ఉంది కదా. ఇ-గ్రామ్‌స్వరాజ్ అని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి, 2020లో వచ్చాయి. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, మీ పంచాయతీ ఎంచుకుంటే ఈ ఏడాది ప్రణాళికలో ఏముంది, ఎంత ఖర్చు రాశారు అన్నది కనపడుతుంది. కొన్నిచోట్ల వివరాలు అరకొరగా ఉంటాయి, యాప్ కూడా కాస్త నెమ్మది, ఓపిక పట్టండి. అది చూసి వెంటనే "స్కామ్" అని స్టేటస్ పెట్టకండి, ప్లీజ్. ఒక స్టేటస్ వల్ల భయపడేది దొంగ కాదు, మా అక్క లాంటి మనిషే. వెళ్లి కూర్చుని అడగండి. "కరెంటు బిల్లు ఎంత వస్తోంది మేడమ్, ఒకసారి చూడొచ్చా" అంటే చాలామంది సంతోషంగా చూపిస్తారు. ఇన్నేళ్లలో వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. గ్రామసభ రోజు ఒక గంట వెళ్లండి. మీరు, మీ ఫ్రెండ్ వెళ్తేనే ఆ సభలో సగటు వయసు పదేళ్లు తగ్గుతుంది.

మా ఊరికి తర్వాత మూడో తీగ వచ్చింది. ఇప్పుడు ఊరంతటికీ స్విచ్ ఉంది. పంచాయతీ సిబ్బందిలో ఒకాయన పొద్దున ఆరింటికి వచ్చి ఆపుతాడు. ఆయన పెళ్లికో పేరంటానికో వెళ్లిన రోజు లైట్లు పగలంతా వెలుగుతాయి, కాలనీలో ఆ 30 తప్ప. ఆ టైమర్ ఇంకా పనిచేస్తోంది. ఎవరి డబ్బుతో కొన్నదో ఆ కాలనీలో ఎవరికీ తెలీదు.

అక్క వేరే మండలానికి బదిలీ అయ్యింది. పోయిన నెల ఫోన్ చేసింది. ఈ ఎపిసోడ్ చేస్తున్నా, నీ సంగతి చెప్పనా అని అడిగాను. "పేరు చెప్పకు, ఊరు చెప్పకు, మిగతాది చెప్పుకో" అంది. తర్వాత తనే నవ్వుతూ చెప్పింది, కొత్త ఊళ్లో కూడా టైమర్లు పెట్టిందట. "ఈసారి ముందే తీర్మానం పెట్టిన తమ్ముడూ. అంచనా వేయించిన. మూడు కొటేషన్లు తీసుకున్న. లైసెన్సు ఉన్నాయనతోనే పెట్టించిన."

ఎంత టైము పట్టిందక్కా అన్నాను.

"ఏడు నెలలు."

మీ వీధిలో పగలు ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టి కింద రాయండి. ఊరి పేరు రాయకపోయినా ఫర్లేదు, నంబరు రాయండి చాలు. వచ్చే ఎపిసోడ్‌లో మున్సిపాలిటీ చెత్తబండి వెనకాల ఒక రోజంతా తిరిగిన సంగతి చెప్తాను.